ఆరంగుళాల గీత

మంజూషకు లైసెన్సు వచ్చింది. ఏ రైఫిల్ కొనాలో తేలలేదు.

తేలలేదంటే ఆమె ఒప్పుకోదు. బీమా కంపెనీలో ప్రీమియం లెక్కలు కట్టే పిల్ల. తన దగ్గరున్న డబ్బుకి దొరికే, ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగి మూసే బోల్ట్ రైఫిళ్ళన్నిటినీ ఒక పట్టికలో పెట్టింది. బరువెంత, బారెల్ పొడవెంత, ట్రిగ్గర్ ఎంత బిగువు, విడిభాగాలు హైదరాబాదులో దొరుకుతాయా. ప్రతిదానికీ మార్కులు వేసి కూడింది. మొదటి స్థానం వచ్చిన రైఫిల్ ఏ దుకాణంలోనూ లేదు. తను వెళ్ళే క్లబ్బులోనే, నరసరాజుగారి దగ్గరుంది. ఆయన అమ్ముతానన్నాడు కూడా.

ఇక మిగిలింది ఉస్తాద్ 'సరే' అనడమే.

ఫరీద్ పాషా ఒకప్పుడు సైన్యం తరఫున రైఫిల్ పోటీల్లో కొట్టినవాడు. ఇప్పుడు రాచగుట్ట రేంజిలో నేర్పుతాడు. రేంజి అంటే పాత కంకర క్వారీ. చివర ఎత్తుగా మట్టికట్ట, దాని ముందు కాగితాలు తగిలించే చెక్కలు, ఇవతల రేకుల షెడ్డు. అక్కడికొచ్చే డాక్టరైనా కాంట్రాక్టరైనా ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. మాటలు తక్కువ. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఊపిరి ట్రిగ్గర్ కాడ కావాలె గద" అంటాడు.

రెండేళ్ళుగా మంజూష క్లబ్బువాళ్ళ పాయింట్ టూటూతో కొడుతోంది. చిన్న తూటా, చిన్న చప్పుడు. ఇప్పుడు కొనబోయేది సెంటర్‌ఫైర్. వేలంత ఇత్తడి తూటా, దాని అడుగున నడిమధ్య సూది తగిలితే పేలుతుంది, భుజం వెనక్కి పోతుంది. దానికి ఎవరి రైఫిల్ వాళ్ళదే. నెలాఖరులోగా కొనాలని లైసెన్సులో రాసుంది. ఒకసారి అందులో రైఫిల్ నంబరు ఎక్కాక మార్చాలంటే మళ్ళీ మొదటి కాగితం నుంచి ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి మొదటి రైఫిల్ అంటే ఇంచుమించు జన్మకి రైఫిల్.

పైగా వర్షాలు తగ్గాక గీత పోటీ ఉంది. జిల్లా జట్టులో ఒక్క చోటు ఖాళీ.

గీత పోటీ రాచగుట్టకే ప్రత్యేకం. వంద మీటర్ల దూరంలో తెల్లకాగితం, మధ్యలో నల్ల చుక్క. కొట్టేముందు ఎవరి కాగితం మీద వాళ్ళే వృత్తలేఖినితో చుక్క చుట్టూ ఒక గీత గీయాలి. నా పది తూటాలూ దీనిలోపలే పడతాయని మాటివ్వడమన్నమాట. ఒక్కటి బయటపడినా ఇంటికి. మిగిలినవాళ్ళలో ఎవరి గీత చిన్నదైతే చోటు వాళ్ళది.

మంజూష ఆ చోటు మీద కన్నేసింది. ఆ జట్టులో ఇంతవరకు ఆడపిల్ల లేదు.

* * *

ఆ ఆదివారం పొద్దున ఉస్తాద్ షెడ్డు ముందు ఇసుకలో పీట వేసుకుని వేయించిన చింతగింజలు నములుతున్నాడు. మంజూష ఆయన ముందు ఒక కాగితం పెట్టింది. ప్లాస్టిక్ అతికించిన కాగితం. చుక్క పక్కన మూడు చిల్లులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"రాజుగారి రైఫిల్ ఉస్తాద్. రూపాయి బిళ్ళ పెడితే మూడూ కనపడవు. విదేశీది. స్కోప్‌తో సహా ఇస్తానంటున్నారు. నేను లెక్కేశాను, ఈ డబ్బుకి ఇంత సూటి రైఫిల్ ఇంకోటి రాదు."

షెడ్డులో బెంచీ మీద కూర్చుని రైఫిల్ తుడుచుకుంటున్న నరసరాజుగారు తల ఎత్తాడు. రొయ్యల వ్యాపారంలో గడించి భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. చెయ్యి ధారాళం, గొంతు పెద్దది.

"అమ్మాయి లెక్కలు తప్పవు పాషాగారూ. నేను చెప్పలేదు, అదే కనిపెట్టింది."

ఉస్తాద్ కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు.

"ఎన్ని గుండ్లు?"

"మూడు."

ఆయన జేబులోంచి మూడు చింతగింజలు తీశాడు. ఇసుకలో వేలితో చుక్క పెట్టాడు. పీట మీద కూర్చునే, చెయ్యి ఛాతీ దాకా ఎత్తి గింజలు వదిలాడు. తలోవైపు పడ్డాయి. ఏరుకుని మళ్ళీ వదిలాడు. ఈసారి రెండు దగ్గర, ఒకటి దూరం. మళ్ళీ ఏరాడు, మళ్ళీ వదిలాడు. మంజూషకు ఏమీ అర్థం కాలేదు. రాజుగారు తుడవడం ఆపి చూస్తున్నాడు.

కొన్నిసార్లయ్యాక మూడు గింజలూ చుక్క పక్కన ఒకదాన్నొకటి ఒరుసుకుని పడ్డాయి.

ఉస్తాద్ చెయ్యి ఆపాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి వాటి మీద పెట్టాడు. మూడూ కనపడలేదు.

"బేటీ, నా చెయ్యి ఎంతకు కొంటవ్?"

మంజూష పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఉస్తాద్ ఇసుకలోని గింజలు ఊది నోట్లో వేసుకున్నాడు.

* * *

ఆ సాయంత్రం ఇంట్లో పరిచిన బొంత మీద మంజూష చింతగింజలు వదులుతూ కూర్చుంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"తుపాకి కొంటనంటివి. చింతగింజలాడుకుంటున్నవేందే?"

"ఇదీ తుపాకి పనేనమ్మా."

"అయితే ఇదే నయం. లైసెన్సు అక్కర్లేదు."

ఇరవైసార్లు మూడేసి గింజలు వదిలితే, అన్నిట్లోకీ దగ్గరగా పడిన మూడూ మామూలుగా పడే వెడల్పులో సగం కూడా లేవు. అదొక్కటే దాచి మిగతావి పారేస్తే తన చెయ్యి గొప్ప చెయ్యే. మూడు కాకుండా పది గింజలు వదిలితే వెడల్పు ఒకటిన్నర రెట్లు దాటింది. ఆఫీసులో మూడు ప్రమాదాలు చూసి ప్రీమియం లెక్క కట్టేవాడిని తను ఎంత వెక్కిరిస్తుందో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మర్నాడు ఆఫీసు నుంచి తిన్నగా రాజుగారింటికి వెళ్ళింది.

"అంకుల్, ఒక్క కోరిక. మీ రైఫిల్‌తో పది కొట్టి చూద్దాం. వరసగా, ఒకే కాగితం మీద."

రాజుగారి మొహం చిన్నబోయింది. "నా రైఫిల్‌కి పరీక్షా? మంచి రైఫిల్‌కి మూడు చాలమ్మా. నాలుగోది అనుమానం."

"తూటాల డబ్బు నేనిస్తాను."

"డబ్బు కాదు తల్లీ, దొరకొద్దూ? బయటిదేశం నుంచి రావాలి. ఒక్కో తూటాకి ఒక పూట భోజనం పెట్టొచ్చు. పది కాలిస్తే పెళ్ళిభోజనాలే."

"ఎప్పుడైనా పది కొట్టారా అంకుల్?"

"ఎందుకు కొడతాను? పిచ్చా?"

"మరి మీకన్నా ముందు ఈ రైఫిల్ వాడినాయన?"

"ఆయనా మూడే. ఆ కాగితం ఆయన కొట్టిందే. నేనూ కొట్టాను చాలా. ఒకసారి అంత దగ్గరగానూ పడ్డాయి."

"మిగతా కాగితాలేవి?"

"అవెవడు దాచుకుంటాడమ్మా?" రాజుగారు మనసారా నవ్వాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మూడు చిల్లులే తన రైఫిలని నిండుగా నమ్మాడు.

బస్సులో తిరిగొస్తూ మంజూష ఫోనులో పట్టిక తెరిచింది. అంత వరసలో తను పెట్టని గడి ఒకటుంది. రైఫిల్ కొన్నాక తూటాలకి ఎంత మిగులుతుంది? ఆ గడి పెట్టగానే వరస తలకిందులైంది. రాజుగారి రైఫిల్ కొంటే, తను కొన్నదేమిటో తనకే తెలియకుండా బతకాలి. తెలుసుకునేంత స్తోమత ఉండదు. అడుగున ఎక్కడో ఉన్న మన ప్రభుత్వ ఫ్యాక్టరీ త్రీ ఫిఫ్టీన్ పైకొచ్చింది. మోటు చెక్క, స్కోప్ లేదు, గురి చూడడానికి ముందు ఇనపగింజ, వెనక గంటు. తూటాలు మాత్రం ఇక్కడే తయారవుతాయి, కొనుక్కోగలిగిన ధరకి.

ఆదివారం ఉస్తాద్‌తో చెప్పింది. "త్రీ ఫిఫ్టీన్ తీసుకుందామనుకుంటున్నాను. రాజుగారిదంత సూటిగా ఉండకపోవచ్చు. కానీ ఎంత సూటిగా ఉంటుందో నాకు తెలుస్తుంది. సరేనా ఉస్తాద్?"

"పైసలెవరివి?"

"నావి."

"భుజమెవరిది?"

"నాదే."

"మరి నన్నెందుకడుగుతున్నవ్?"

* * *

ఆమె ఒక్కతే హైదరాబాదు వెళ్ళింది. దుకాణంవాడు అరలోంచి ఒక రైఫిల్ తీసి బల్ల మీద పెట్టి రసీదు పుస్తకం తెరిచాడు.

"ఇంకా ఉన్నాయా ఇలాంటివి?"

"రెండున్నాయమ్మా. అన్నీ ఒకటే."

"ఒకటే అయితే మూడూ పెట్టండి."

మూడూ ఖాళీయేనని తెరిచి చూసుకుంది. ఉస్తాద్ క్లబ్బు రైఫిళ్ళకు చేయించే పనులే చేసింది. బారెల్ మూతి అంచున దూది తిప్పింది. మొదటిదానికి ఒక పోగు చిక్కుకుంది. అక్కడ కంటికి కనపడని గీరుడుందన్నమాట. తూటా గొట్టాన్ని వదిలే ఆఖరి చోటు అది. పక్కన పెట్టింది. కాగితం ముక్క మడిచి బారెల్‌కీ కింది చెక్కకీ మధ్య దూర్చి లాగింది. రెండోదానిలో సగం దూరం పోయి ఆగింది. చెక్క బారెల్‌ని నొక్కుతోంది. వాన పట్టి చెక్క ఉబ్బితే గురి ఎటు పోతుందో చెప్పలేం. మూడోదానిలో కాగితం కొసదాకా జారింది. బోల్ట్ మూసి తెరిచింది, మళ్ళీ మూసింది. గరగరలాడింది కానీ దాన్ని బిగించే రెండు కొక్కేలూ సమంగా కూర్చున్నాయి.

"చెక్క మీద గీత పడిందమ్మా దానికి" అన్నాడు దుకాణంవాడు. "మెరిసేది తీసుకోండి."

"మెరుపుతో ఏం కొట్టాలి?"

"మీ నాన్నగారు మిలటరీయా?"

"కాదు. ఆర్టీసీ కండక్టరు."

ఆ మూడోది నంబరెక్కించుకుని తెచ్చింది. రేంజిలో సంచీ విప్పి పీట ముందు పెట్టింది. మూడు రైఫిళ్ళలోంచి ఎలా ఏరిందో చెప్పడానికి మాటలు పోగుచేసుకుని నిలబడింది. ఉస్తాద్ రైఫిల్ వంక చూడలేదు.

"గుండ్లెన్నొచ్చినయ్?"

"ఈ ఏడాది లైసెన్సు ఒప్పుకునేవన్నీ."

అప్పుడు చూశాడు. రైఫిల్‌ని కాదు, ఆమెని.

* * *

వానాకాలం పోయేదాకా ప్రతి ఆదివారం కొట్టింది. పడుకుని, మోచేతులు ఇసుకలో పాతి, పదేసి. మొదట్లో భుజం కమిలి నల్లబడింది. వాళ్ళమ్మ ఆముదం రాస్తూ, "ఎవడితోనన్నా కొట్టుకున్నా ఇంత దెబ్బ తగలకపోను" అంది. తుపాకిని మాత్రం హాల్లోంచి తియ్యనియ్యదు. వచ్చినవాళ్ళకి ఇనప్పెట్టెను చూపించి "మా అమ్మాయిది" అంటుంది.

గురి సరిదిద్దుకుంది. ఊపిరి ఎక్కడ ఆపితే చేతులు ఆగుతాయో తెలిసింది. ప్రతి కాగితమూ దాచింది, బాగున్నదీ బాగోనిదీ. అన్నీ కలిపి లెక్క కడితే ఆమె పది తూటాలూ నమ్మకంగా లోపల పడే గీత అడ్డంగా ఆరంగుళాలని తేలింది.

ఆరంగుళాలు! ఆమెకి రోషం వచ్చింది. పూరీ అంత.

పోటీకి ముందు ఆదివారం ఒక సంగతి జరిగింది. చల్లటి పొద్దు. గాలి లేదు. మొదటి మూడు తూటాలూ చుక్కలోకి ఒకదాని మీదొకటిలా వెళ్ళాయి. మంజూష నాలుగోది నింపలేదు. బోల్ట్ తెరిచి రైఫిల్ కింద పెట్టింది. కాల్పులు ఆపమని ఎర్రజెండా ఎత్తగానే పరుగెత్తుకెళ్ళి కాగితం పీక్కొచ్చింది.

"ఉస్తాద్! రాజుగారి కాగితం కన్నా దగ్గర! ఇనపగింజతో, స్కోప్ లేకుండా!"

షెడ్డులో ఎవరో మిరపకాయ బజ్జీలు తెచ్చారు. ఉస్తాద్ చెయ్యి చాపాడు. ఆమె కాగితం ఇచ్చింది. ఆయన రెండువైపులా చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. దాన్ని అరచేతిలో పరిచి దాని మీద రెండు బజ్జీలు పెట్టుకున్నాడు. నింపాదిగా తిన్నాడు. నూనె కారి మూడు చిల్లులూ ఒకటైపోయాయి. చివర్న ఆ కాగితంతోనే వేళ్ళు తుడుచుకున్నాడు.

"మంచి కాయితం" అన్నాడు. "నూనె పీలుస్తది."

మంజూష కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు దూరంగా వెళ్ళి నిలబడింది. తర్వాత వచ్చి తన చాప మీద పడుకుని మిగిలిన ఏడు తూటాలూ కొత్త కాగితం మీద కాల్చింది. అవి ఎప్పటిలాగే పడ్డాయి.

* * *

గీత పోటీ రోజు ఐదుగురు వచ్చారు. రాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. రైఫిల్ అమ్ముడుపోనందుకు ఆయనకిప్పుడు సంతోషంగా ఉంది. చోటు తనకే వస్తుందని నమ్మకం.

ఒకే వృత్తలేఖిని చేతులు మారింది. పళ్ళ డాక్టరు ఇమ్మానుయేలు మూడంగుళాలు గీశాడు. ఇంకో ఇద్దరు నాలుగు, నాలుగున్నర. రాజుగారు అందరూ చూసేలా కాగితం పైకెత్తి రెండంగుళాలు గీశాడు.

మంజూష వంతు వచ్చింది.

వృత్తలేఖిని తెరిచింది. నాలుగున్నర కన్నా పెద్దది గీస్తే, వాళ్ళలో ఒక్కరు మాట నిలుపుకున్నా చోటు పోయినట్టే. నాలుగు గీస్తే? నాలుగులో పది పడిన కాగితాలు తన దగ్గర రెండున్నాయి. పడనివి ఎన్నున్నాయో కూడా తెలుసు. బీమా మనిషి. ఆ పందెం ఎవరైనా తన ముందుకు తెస్తే బల్ల మీంచి తోసేస్తుంది.

కానీ చోటు ఒక్కటే. మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

ఉస్తాద్ వైపు చూసింది. ఆయన వీపు తిప్పుకుని జెండా కర్ర సరిచేస్తున్నాడు.

వృత్తలేఖిని ఇంకా తెరిచింది. గీసింది.

"ఇదేంటమ్మా, లక్ష్యమా దోసెల పెనమా?" అన్నాడు రాజుగారు. షెడ్డు ఘొల్లుమంది.

"ఆరంగుళాలు అంకుల్" అంది మంజూష. కాగితం ఆయన ఎత్తినంత ఎత్తునే ఎత్తి చూపించింది.

డాక్టరుగారి తూటాలు ఎనిమిది లోపల పడ్డాయి, రెండు బయట. "అనుకున్నాను" అని తనే నవ్వుకున్నాడు. నాలుగు గీసినాయనకి ఒకటి పోయింది. నాలుగున్నర గీసినాయన కొట్టడానికి ముందే చెమటలు తుడుచుకున్నాడు. ఆయనవి మూడు పోయాయి.

రాజుగారు పడుకున్నాడు. మొదటి మూడూ రెండంగుళాల గీతలో చక్కగా కూర్చున్నాయి. షెడ్డులో చప్పట్లు. నాలుగోది గీత పక్కన పడింది. ఐదోది ఇంకొంచెం పైకి. ఆరోది ఇంకా పైకి. సన్నటి బారెల్ వేడెక్కి తూటాలు మెట్లెక్కుతున్నాయి. తన రైఫిల్ ఇలా చేస్తుందని ఆయన జన్మలో ఎరగడు. ఇన్నాళ్ళలో దానికి నాలుగో తూటా పెట్టినవాడే లేడు మరి. లేచి కూర్చుని బారెల్‌ని వేలితో తాకి చటుక్కున చెయ్యి తీసుకున్నాడు. కొత్తమనిషిని చూసినట్టు దాన్ని చూశాడు. మిగిలిన నాలుగు తూటాలూ పెట్టెలో పెట్టేసుకున్నాడు.

మంజూష చాప మీద పడుకుంది.

ఒక్కో తూటాకీ ఊపిరి సగం వదిలింది, ఆపింది, నొక్కింది. లోపల. లోపల. చుక్కకి కుడిపక్క. కింద. తొందరపడలేదు. మళ్ళీ చుక్క దగ్గర. ఎక్కడ పడినా తనకి తెలిసిన చోటే పడుతోంది. తొమ్మిదోది ఎడమకి చాలా దూరం పోయింది. దూరదర్శినిలో చూస్తున్న డాక్టరుగారు "ప్చ్" అన్నాడు.

అది గీతకి లోపలే ఉంది. వేలు మందం లోపల. నాలుగున్నర గీసుంటే బయట.

పదోది కొట్టేముందు ఆమె బుగ్గని చెక్క మీంచి ఎత్తింది. గుండె చప్పుడుకి ముందుగింజ ఎగురుతోంది. కళ్ళు మూసుకుంది. ఊపిరి నాలుగుసార్లు పోనిచ్చింది. బుగ్గ ఆన్చి నొక్కింది.

ఉస్తాద్ తనే నడిచివెళ్ళి కాగితం తెచ్చాడు. పది చిల్లులు. పూరీ నిండా జల్లినట్టున్నాయి. బయట ఒక్కటీ లేదు.

"చోటు బేటీది" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజుగారు కాగితం తీసుకుని చూశాడు. ఆయనకి కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది.

"పద్ధతి పద్ధతే, కాదనను. కానీ చూడండి పాషాగారూ, ఎక్కడెక్కడ పడ్డాయో! రేపు రాష్ట్రం పోటీలో తక్కిన జిల్లాల ముందు ఈ ఆరంగుళాలు పట్టుకుని నిలబడితే మన రాచగుట్ట పరువేం కాను?"

ఉస్తాద్ మంజూష వైపు తిరిగాడు.

"ఎంత చెప్పినవ్?"

"ఆరు."

"ఎంత కొట్టినవ్?"

"ఆరు."

"సిగ్గయితుందా?"

ఆమె కాగితం వంక చూసింది. తన డబ్బుతో, తన భుజంతో, తను ఏరి తెచ్చుకున్న మోటు రైఫిల్‌తో కొట్టిన పది. అందులో తనది కానిది ఒక్కటీ లేదు. వెన్ను నిటారుగా చేసుకుంది.

"లేదు ఉస్తాద్."

"రాష్ట్రం పోటీకి రెండు నెల్లుంది. అప్పటికి గీత ఎంతకు తెస్తవ్?"

లెక్క అడిగితే మంజూష నోట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. క్లబ్బులో అందరికీ తెలుసు. రాజుగారు కూడా ఆ అంకె కోసం చూశాడు. ఐదు అంటుందా, నాలుగున్నర అంటుందా?

ఆమె పెదవి కదిలింది. ఆగింది. తూటాల పెట్టె మూత తీసి ఎన్నున్నాయో చూసుకుంది.

"కొట్టి చెప్తాను."

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు. కాగితాన్ని రాజుగారి చేతిలోంచి మెల్లగా తీసుకుని మడత పడకుండా మంజూషకు ఇచ్చాడు.

"పరువు గురించి అడిగిన్రు గద రాజుగారూ" అన్నాడు. "బేటీ ఏమన్నదో విన్నరా?"